చెయ్యి పాడిన పాట

"...పాడలేదంటే ఎలా బావా? అంతమంది ముందు వేళ్లు ఆడించావు. చేపల రాశి నీ పేరున కొట్టేశాను."

"నేను ఆడించలేదు నాగబాబూ. అవే ఆడాయి."

"ఇంట్లో అక్క నీ మాట వినదు సరే, ఇక్కడ వేళ్లు కూడా వినవా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే అనుమానం వస్తుంది.

మా బందరు రేవులో చేపల వేలంపాట నోటితో పాడం. పక్కవాడికి తెలియకుండా బొటనవేలిని చూపుడువేలికి రాస్తే చాలు, పాట నడిపే నాగబాబు ఓ మెట్టు పెంచుతాడు. ఆ ఉదయం నా బేరం ముగించుకుని, చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అప్పుడొచ్చాయి మెత్తబడిన కానాగంత చేపలు. ఎవరూ అడగలేదు. నా కుడిచెయ్యి ఒక్కటే అడిగింది. పోటీకి ఎవరూ లేకపోయేసరికి తనతో తనే పోటీపడి పెంచుకుంటూ పోయింది.

ఇంటికి చేరగానే నా భార్య రత్నకుమారి ముక్కు మూసుకుంది.

"ఇవెవరు అంటగట్టారు? వాసన రావట్లేదా?"

"రావట్లేదు," అన్నాను. నిజమే. కొన్నేళ్లుగా నాకు ఏ వాసనా తెలియదు. వ్యాపారంలో ముదిరిపోయానని ఇన్నాళ్లూ మురిసిపోయాను.

ఆ వారమే ఆమె నన్ను గుడివాడలో నరాల డాక్టరు సుప్రజ గారి దగ్గరకు లాక్కెళ్లింది. డాక్టరు గారు నన్ను నడిపించారు, వేళ్లు తట్టించారు. చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఊరుకోమన్నారు. వెంటనే అది పాట మొదలుపెట్టింది. గ్లాసు అందుకోమన్నారు. బుద్ధిమంతురాలిలా ఆగింది.

"పార్కిన్సన్స్ అండీ. ఖాళీగా ఉంటే వణుకుతుంది, పని చెబితే ఆగిపోతుంది."

"పని చెబితే ఆగిపోతుందా? అయితే ఆయన పోలికే," అంది రత్నకుమారి.

వాసన సంగతి విని డాక్టరు గారు తలూపారు. చాలామందిలో వణుకు రావడానికి ఏళ్ల ముందే వాసన పోతుందట. జబ్బును అంత ముందుగా పట్టుకునే పరీక్షల కోసం ఇప్పుడు పరిశోధకులు గట్టిగా ప్రయత్నిస్తున్నారట. నా ముక్కుకి ఇంత గిరాకీ ఉందని తెలిసి కాసేపు గర్వపడ్డాను.

"నయమవుతుందా అమ్మా?"

"జబ్బును ఆపే మందు ఇంకా రాలేదండీ. వెతుకుతున్నారు. వణుకు, బిగుతు మాత్రలతో చాలావరకు తగ్గించవచ్చు. మోతాదు మెల్లగా పెంచుతాం. మున్ముందు అవి చాలకపోతే మెదడులోకి సన్నటి కరెంటు తీగ వేసే ఆపరేషనుంది. కొత్తగా వచ్చిన పరికరాలు మెదడు తీరు కనిపెట్టి కరెంటు వాటంతటవే పెంచుకుంటాయి, తగ్గించుకుంటాయి. ఇప్పుడు మీకు ఆ అవసరం లేదు. మాత్ర మాత్రం చేపతో కలిపి వేసుకోకండి. సరిగా ఒంటబట్టదు."

చేపలమ్ముకునేవాడికి చేప పడని మందు.

తిరుగు బస్సులో రత్నకుమారికి మెల్లగా చెప్పాను. "రేవులో ఎవరికీ చెప్పకు. చెయ్యి మీద నమ్మకం పోతే పాటలో చోటు పోయినట్టే. జేబులో పెట్టుకుంటాను."

"లుంగీకి జేబెక్కడిది?"

దాంతో మర్నాడు చేతి మీద తువ్వాలు కప్పుకుని వెళ్లాను. అంతకన్నా తెలివితక్కువ పని ఇంకోటి లేదు. చెయ్యి కప్పుకున్నాడంటే పెద్ద బేరమే అనుకుని నాగబాబు నా తువ్వాలు మీదే కళ్లు పెట్టాడు. పండుగప్పల రాశి వచ్చింది. సత్యవతమ్మ అడిగింది. ఊళ్లోకి బుట్ట మోసుకెళ్లి అమ్ముకునే మనిషి. పెళ్లివారికి మాటిచ్చిందని అందరికీ తెలుసు. దక్కుతుందో లేదోనని ఆమె మొహం చూస్తుంటే నాకే కంగారు పుట్టింది. కంగారు పుడితే నా చెయ్యి మరీ రెచ్చిపోతుంది. తువ్వాలు ఎగిరెగిరి పడింది. సత్యవతమ్మ పెంచింది. తువ్వాలు ఇంకా పెంచింది. చివరికి ఆమె తగ్గిపోయింది.

"ధనరాజుకి!" అని నాగబాబు కొట్టేశాడు.

"తీసుకో నాయనా. నీకు పెద్ద బేరమే తగిలినట్టుంది," అంది సత్యవతమ్మ ఖాళీ బుట్ట చంకన పెట్టుకుంటూ. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అంది.

నేను తువ్వాలు తీసేసి లేచాను. "నాగబాబూ, ఆ రాశి సత్యవతమ్మది. అడిగింది నేను కాదు, జబ్బు. పార్కిన్సన్స్ అంటారు."

నాగబాబు రాశిని సత్యవతమ్మ వైపు జరిపాడు.

"మరి నీ పాట ఎట్టా బావా?"

"రేపటి నుంచి మా పాట రత్నకుమారి పాడుతుంది. నేను బుట్టలు మోస్తాను."