ప్రార్థన కూడికలో నా సెమినార్

ఆ రోజుల్లో దేవుడు లేడని చెప్పడం నాకు చాయ్ తాగినంత తేలిక. తార్నాక నుంచి క్యాంపస్‌కి నడుస్తూనే ఆయన్ని లేకుండా చేసి, తర్వాత క్లాసులో కూర్చునేవాణ్ణి (అటెండెన్స్ తగ్గినప్పుడు మాత్రం కాస్త మెత్తబడేవాణ్ణి). ఫిలాసఫీలో పీహెచ్‌డీ చేస్తున్నాను మరి. అంతటి మేధావి అద్దెకుండేది మాత్రం గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డ్ టీచరు ఆంటీ గారి మేడ మీద. గాలి, వెలుతురు, ఎండాకాలంలో కూడా నీళ్లు. అలాంటి గది మళ్లీ దొరకదు. ఆవిడ పెట్టింది ఒక్కటే షరతు. "మా ఇంట్లో ఉండేవాళ్లకి భక్తి ఉండాలి బాబూ. ఏ దేవుడైనా పర్లేదు." నేను తల ఊపాను. అడ్డంగానో నిలువుగానో ఆవిడ గమనించలేదు.

శుక్రవారం సాయంత్రాలు కింద హాల్లో ప్రార్థన కూడిక, ఆ తర్వాత చికెన్ పలావు. నేను సరిగ్గా పలావు వేళకి దిగేవాణ్ణి. ఒకసారి ఆకలి ఆగక ముందే దిగిపోయాను. లోపల సాక్ష్యాలు నడుస్తున్నాయి. అంటే దేవుడు తమకు చేసిన మేలును ఒక్కొక్కరూ లేచి చెప్పుకోవడం. పాస్టరు గారు నన్ను చూసి, "మేడ మీద బ్రదర్ కూడా సాక్ష్యం చెప్తారు" అన్నారు.

దేవుడు లేడంటే గది పోతుంది, ఉన్నాడంటే క్యాంపస్‌లో పరువు పోతుంది. నోరు తనకు అలవాటైన దారి పట్టింది. "సభాధ్యక్షులకు నమస్కారం. విశ్వాసం అనే అంశాన్ని మూడు భాగాలుగా పరిశీలిద్దాం" అని మొదలుపెట్టాను. వెనక కూర్చున్న ఒక తాతగారు ప్రతి వాక్యానికీ "ఆమెన్" అంటున్నారు (మా సెమినార్లలో నన్నెవరూ అంతగా ప్రోత్సహించలేదు). ఊపొచ్చి, దేవుడున్నాడనడానికి ఆధారాల్లేవని కూడా చెప్పేశాను. దానికీ ఆమెన్ పడింది. చివర్లో అలవాటు కొద్దీ, "ప్రశ్నలేమైనా ఉన్నాయా?" అన్నాను.

సాక్ష్యానికి ప్రశ్నలుండవని నాకేం తెలుసు! అందరూ బిత్తరపోయారు. ఆంటీ చెయ్యెత్తారు. అయిపోయింది, ఇక రామంతాపూర్‌లో గది వెతుక్కోవడమే అనుకున్నాను.

"అయితే బాబూ, నీకు భయమేస్తే ఎవరితో చెప్పుకుంటావు?"

సెమినార్ భాష వదిలేసి మా ఇంటి భాషలోకి దిగాను. "అమ్మకు ఫోన్ చేస్త ఆంటీ."

"ఆవిడ ఎత్తకపోతే?"

"మళ్ల చేస్త."

"అప్పుడూ ఎత్తకపోతే?"

"ఎత్తేదాంక చేస్తనే ఉంట."

ఆంటీ పాస్టరు గారి వైపు తిరిగి, "మనం చేసేదీ అదేగా అయ్యగారూ!" అన్నారు. ఆ రోజు నా ప్లేట్లో లెగ్ పీస్ పడింది. గది కూడా దక్కింది.

ఇప్పుడు నేనే క్యాంపస్‌లో పాఠాలు చెబుతున్నాను. పిల్లలు ఫోన్లో యాప్ పెట్టుకుని ధ్యానం చేస్తుంటే ఏమీ అనను. దేవుడు లేడనే ఇప్పటికీ అంటాను గానీ, అన్నాక వెనక వరస వైపు చూసి ఒక్క క్షణం ఆగుతాను. ఎవరూ ఆమెన్ అనరు. ఆ తాతగారు గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. క్లాసయ్యాక బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేస్తాను. ఆవిడ ఇప్పటికీ మొదటిసారి ఎత్తదు.