ఆరో తరం సీతాకోకచిలుకలు

మూడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

అప్పుడు సూర్యాపేటలో ఒక కాలేజీ ల్యాబులో పనిచేసేవాణ్ణి. నిమ్మచెట్ల మీద పెరిగే సీతాకోకచిలుక జీనోమ్, అంటే దాని డీఎన్ఏలోని రాత, మొత్తం చదవాలన్నది మా ప్రాజెక్టు. చదివేటప్పుడు తికమక రాకూడదంటే పురుగులన్నీ వీలైనంత ఒకేలా ఉండాలి. అందుకని ఒకే తల్లి సంతానాన్ని తమలో తామే జతకట్టిస్తూ తరం తర్వాత తరం పెంచాలి. ఆ పెంపకం నాది. డీఎన్ఏ తీయడం శైలజ పని. కోదాడ అమ్మాయి. నన్ను అన్నా అనేది.

ఆరో తరం గొంగళిపురుగులు కుండీల్లోని నిమ్మ ఆకులన్నీ తినేశాయి. బజారు నుంచి కరివేపాకు తెచ్చి వేశాను. అదీ తింటాయి. దాని మీద మందు కొట్టి ఉంటారని తట్టలేదా? తట్టింది. కడిగితే పోతుందనుకున్నాను. మర్నాటికి అన్నీ చచ్చిపడి ఉన్నాయి.

చెప్పి ఉంటే ఏమయ్యేది? ప్రాజెక్టు నడిపే సార్ తిట్టేవారు, మళ్ళీ మొదటి నుంచి పెంచేవాళ్ళం. చెప్పలేదు. బస్సెక్కి మిర్యాలగూడ పోయి, అక్కడి నిమ్మతోటలో దొరికిన పురుగులు తెచ్చి బోనులో వదిలాను.

శైలజ వాటి నుంచి తీసిన డీఎన్ఏ ఫలితాలు వచ్చాయి. ఒక్క కుటుంబానివిలా లేవు. శైలజ అందరి ముందే అడిగింది.

"అన్నా, బోనులోవి మన పురుగులేగా?"

"మనవి గాక ఎవరియి? పెండ్లి బంతిల పప్పూ చారూ కలిపినట్టు ట్యూబులు నువ్వే కలిపినవేమో, జర సూడు."

సార్‌తో సహా అందరూ నవ్వారు. ఆమె చాలాసేపు తన ట్యూబుల వైపు చూసింది.

"ఏమో, కలిపానేమో" అంది.

ఆ మాటతో అంతా తేలిపోయింది. ప్రాజెక్టు నుంచి ఆమెను తీసేశారు. పీహెచ్‌డీకి ఆమె దరఖాస్తు కూడా పెట్టలేదు. నన్ను అనుమానించి ఉంటే నాకింత బరువు ఉండేది కాదేమో. తన చేతులనే అనుమానించింది. అలా అనుమానించేలా చేసింది నేనని తెలిసి కూడా, ఆ రోజు బరువు దిగినట్టు ఊపిరి పీల్చుకున్నాను. అదెలాంటి మనిషి లక్షణం?

ఇప్పుడు కోదాడలో ఏదో స్కూల్లో పాఠాలు చెబుతోందట. విజయవాడ బస్సు అక్కడ ఆగినప్పుడల్లా కిటికీ పక్క నుంచి లేచి ఇవతలి సీట్లోకి జరుగుతాను. ఎదురుపడితే నిలదీయదు. బాగున్నావా అన్నా అంటుంది. అదే భయం.

క్షమించమని ఇది రాయడం లేదు. క్షమించాల్సిన మనిషికి విషయమే తెలియదు.

ట్యూబులు కలవలేదు. శైలజ చేతుల్లో ఏ తప్పూ లేదు. పురుగులు మార్చింది నేను.

ఇది రాశాక, బస్సులోలా పక్కకి జరగకుండా, కాసేపు కుర్చీలో కూర్చోగలిగాను.