అద్దె సాఫ్ట్‌వేర్, సొంత డిస్కు

ఆ వీధిలో ఏ ఇంట్లో గోడ చూసినా ఫ్లాష్ పిన్ని తీసిన ఫొటో ఒకటైనా వేలాడుతూ ఉంటుంది. ఇది గొప్పకు చెబుతున్న మాట కాదు. నమ్మనివాళ్లు ఫ్రేము వెనక్కి తిప్పి స్టూడియో ముద్ర చూసుకోవచ్చు. మాటల్లో పెట్టి, మనిషి బిగుసుకునే లోపే ఫ్లాష్ కొట్టేస్తుంది కాబట్టి ఆవిడకు ఆ పేరు స్థిరపడింది.

పిన్ని చదివింది పల్లెటూరి బడిలో. ఒకటే పాక, ఐదు తరగతులు, అందరికీ కలిపి ఒక్క పంతులుగారు. అయితేనేం? ఆ చదువుతోనే ఎర్రబల్బు గదిలో ఫొటోలు కడగడం నేర్చింది. నలుపు తెలుపు బొమ్మలకు దూది చుట్టిన పుల్లతో రంగులద్దింది. నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్ ఆడించి ఎందరి మొటిమలో మాయం చేసింది. వరద వచ్చిన ఏడు పడవలో నిలబడి ఆవిడ తీసిన ఫొటోలు పత్రికలో పడ్డాయి. డిజిటల్ కెమెరా వచ్చిన కొత్తలో తోటి ఫొటోగ్రాఫర్లంతా “ఇదేదో ఆటబొమ్మలే” అని నవ్వుతుంటే అందరికన్నా ముందు కొన్నది పిన్నే. నవ్విన నాపచేనే పండుతుందంటారు. ఆ నవ్వినవాళ్లే తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చి, మీట ఎక్కడుందో చెప్పమన్నారు.

అలాంటి పిన్నికి బస్సు డిపో పని వచ్చింది. డిపో కొత్త భవనానికి మారుతోంది. లోపలికి అడుగుపెట్టగానే కనిపించే గోడ మీద డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు, ఒక్కొక్కరిదీ నిలువెత్తు ఫొటో ఉండాలన్నది మేనేజరు కోరిక. ఆయన స్వయంగా స్టూడియో మెట్లెక్కి వచ్చి అడిగాడు. పిన్ని అందరినీ వాళ్ల పని చోటే నిలబెట్టి తీసింది, చేతుల గ్రీజు కూడా తుడవనివ్వలేదు. మెరుగు పెట్టే పని కోడలిది. “ఫొటో నాది, మెరుపు నా కోడలిది” అని పిన్ని ఎవరి ముందైనా ఒప్పుకుంటుంది. ఇంటి గుట్టు ఈశ్వరుడికి ఎరుకేమో కానీ, ఆ ఇంటి అత్తాకోడళ్ల పొత్తు ఊరందరికీ ఎరుకే.

చిక్కల్లా సాఫ్ట్‌వేర్‌తో వచ్చింది. ఒకసారి కొనుక్కుని ఇన్నాళ్లూ వాడుకున్న పాతది కొత్త కంప్యూటర్‌లో కూర్చోనని మొరాయించింది. ఇప్పుడు దొరికేవన్నీ చందా కట్టి వాడుకునేవే. ఒక కంపెనీది కొన్నాళ్లు ఉచితంగా వాడి చూడమంటే, కోడలు డిపో ఫొటోలన్నీ అందులోనే దిద్దింది.

“చూశారా అత్తయ్యా? ఈయన వెనక కరెంటు తీగలన్నీ ఒక్క దెబ్బకి పోయాయి. పాతదాంట్లో అయితే పొద్దంతా గీకేదాన్ని.”

“బాగానే ఉందమ్మాయ్. మరి చందా మానేస్తే?”

“తాళం వేసేస్తాడు.”

“మన సామాను లోపల ఉంటే?”

“ఫొటోలు మన కంప్యూటర్లోనే ఉంటాయి కదా! పైగా వాళ్ల క్లౌడ్‌లో ఇంకో కాపీ కూడా.”

“వాడింట్లో ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకోను. నా డిస్కులో ఉన్నదే నాది” అని పిన్ని ఫొటోల ఫోల్డరంతా తన డిస్కులోకి దింపుకుంది.

ఆ డిస్కు విషయంలో పిన్నికి ఒక పట్టు ఉంది. ప్రతి ఆదివారం దాన్ని సంచిలో వేసుకుని ఊరికి ఆ చివరనున్న చెల్లెలి ఇంటికి వెళుతుంది. అగ్గి అంటుకున్నా, నీళ్లు ముంచినా రెండు ఇళ్లూ ఒకేసారి పోవని ఆవిడ ధైర్యం. అక్కడ బీరువాలో పాత డిస్కు ఉంటుంది. కొత్తగా చేరినవి దాంట్లోకి ఎక్కిస్తుంది. అంతటితో ఆగదు. చెల్లెలి టీవీకి డిస్కు తగిలించి, కళ్లు మూసుకుని ఏదో ఒక ఫొటో తెరుస్తుంది. తెరిచి చూడని కాపీ కాపీయే కాదన్నది ఆవిడ శాసనం.

ఆ ఆదివారం తెర మీదికి డిపో పెద్ద మెకానిక్కు వచ్చాడు. చెల్లెలి మొగుడు కుర్చీలో ముందుకు వంగి చూశాడు.

“వదినా, ఈయన నెత్తి మీంచి స్తంభం మొలిచిందేంటి?”

“మొలవడమేంటి మరిదిగారూ? నిన్ననే కోడలు దాన్ని పీకేసింది.”

“పీకిందేమో కానీ మళ్లీ చిగురేసినట్టుంది.”

పిన్ని ఇంకోటి తెరిచింది. తీగలున్నాయి. మరోటి తెరిచింది. కండక్టరమ్మ వెనక గోడ మీద చినిగిన పోస్టరు చెక్కుచెదరకుండా ఉంది. నెగెటివ్ మీద పెన్సిల్‌తో దిద్దితే ఆ దిద్దుబాటు నెగెటివ్‌ని అంటిపెట్టుకునే ఉంటుంది. చేత్తో పెన్సిల్ పట్టి పెరిగిన మనిషి కాబట్టి, ఫొటో ఎక్కడికి పోతే మెరుగూ అక్కడికి పోతుందనే అనుకుంది. ఇంకోలా ఉంటుందన్న ఊహే ఆవిడకు రాలేదు.

స్టూడియోలో ఉన్న కోడలికి ఫోన్ చేసింది.

“అయ్యో అత్తయ్యా, ఇది ఫొటో మీద గీయదు. ఏమేం మార్చాలో విడిగా రాసిపెట్టుకుంటుంది. దాంట్లో తెరిస్తేనే ఆ మార్పులు కనిపిస్తాయి. మీ డిస్కులోకి వచ్చినవి పచ్చి ఫొటోలు.”

“మరి ఉచితం ఎప్పటిదాకా?”

“ఇవాళ సాయంత్రం దాకే. రేపు పొద్దున ప్రింటింగుకి ఇవ్వాలి. కార్డు కొట్టి చందా కట్టేయనా? కాకపోతే ఏడాదికి ఒప్పుకోమంటున్నాడు.”

“ఆగు. పీకల మీదికొచ్చాక పెట్టేది సంతకం కాదే, వేలిముద్ర. వాడు తాళం వేసేలోపు మన సరుకు బయటపడే దారుందా లేదా, అది చెప్పు.”

“ఉంది. ఒక్కోటీ పూర్తయిన మామూలు ఫొటోగా బయటికి తీయాలి. కానీ పెద్ద సైజులు అత్తయ్యా, కంప్యూటర్ నత్తలా నడుస్తుంది. సాయంత్రానికి అవుతాయో లేదో.”

“మొదలుపెట్టు. వస్తున్నా.”

చెప్పులు తొడుక్కుంటుంటే చెల్లెలు ఊరుకోలేదు. “ఇన్నాళ్లూ నా డిస్కు, నా డిస్కు అని ఊదరగొట్టావే అక్కా!”

“డిస్కునేమీ అనకు. ఖాళీ డబ్బాకి మూతపెట్టి మోశాను, నిజమే. మూత తీసి చూసింది కూడా నేనేగా?”

స్టూడియోకి వచ్చేసరికి కోడలు జుట్టు ముడివేసుకుని యుద్ధంలో ఉంది. పిన్ని మూలనున్న పాత ల్యాప్‌టాప్ దుమ్ము దులిపి ముందు పెట్టుకుంది. దానికి నెట్టు లేదు, ఆ సాఫ్ట్‌వేర్ వాసన కూడా తగల్లేదు. అక్కడ తెరుచుకుంటే ఎక్కడైనా తెరుచుకున్నట్టే. కోడలు తీసిన ఫొటోను పిన్ని అందులో తెరిచి, మూలమూలా చూసి, “ఊఁ, తర్వాతది” అంటోంది.

మొదటి విడతలోనే పిన్ని కళ్లు చిట్లించింది. “ఏంటే, అందరూ జ్వరం పడి లేచినట్టున్నారు?”

కోడలు వంగి చూసి నాలుక కరుచుకుంది. “రంగుల సెట్టింగు తప్పు పెట్టాను. బాగా పట్టారు అత్తయ్యా. ఇది చూడకపోతే గోడ మీద డిపో అంతా పాలిపోయి ఉండేది.” తీసినవన్నీ పక్కన పడేసి మళ్లీ మొదటికి వచ్చింది. అక్కడ చాలా సమయం పోయింది. మధ్యాహ్నం భోజనం అలాగే చల్లారింది.

వీధి దీపాలు వెలిగే వేళకు ఆఖరి ఫొటో పిన్ని చేతికి వచ్చింది. పెద్ద మెకానిక్కు నెత్తి మీద ఇప్పుడు ఆకాశం తప్ప ఏమీ లేదు. కాసేపటికే కోడలి తెర బూడిదరంగుకు తిరిగి, గడువు ముగిసిందని చెప్పింది. కోడలు ఊరికే ఒకసారి మీట నొక్కి చూసింది. ఉలుకూ పలుకూ లేదు.

“పోనీలే, మన కంచం మన చేతిలోనే ఉంది” అని పిన్ని ఒళ్లు విరుచుకుంది.

మర్నాడు ఫొటోలు ప్రింటింగుకు వెళ్లాయి. నిలువెత్తు సైజులో మొదటి ప్రింటు బయటికి రాగానే డిపో మేనేజరు దాని ముందు నిలబడి, “మా వాళ్లు ఇంత అందగాళ్లని నాకు తెలీదమ్మా” అన్నాడు. “మీరు వాళ్లని జీతాల రోజున చూస్తారు, నేను పని రోజున చూశాను” అంది పిన్ని. ఆ గోడ గురించి ఊళ్లో ఎంతకాలం చెప్పుకున్నారో ఇక్కడ రాస్తే డప్పు కొట్టుకున్నట్టు ఉంటుంది.

ప్రింటింగుకి ఇచ్చొచ్చిన ఆ మధ్యాహ్నమే స్టూడియోలో ఎవరూ లేనప్పుడు కోడలు అడిగింది. “ఇక ఆ సాఫ్ట్‌వేర్‌కి దండం పెట్టేద్దామా అత్తయ్యా? వేరే ఏదైనా ఒక్కసారి కొనుక్కునేది వెతుకుతాను.”

“ఎందుకు? ఆ తీగలు తీసే పని అంత చక్కగా ఇంకోటి చేస్తుందా?”

“చేయదు.”

“అయితే కట్టు.”

కోడలు అత్తగారి వంక అనుమానంగా చూసింది. “నిన్న కట్టేయనా అంటే వేలిముద్ర అన్నారు!”

“నిన్న వాడి చేతిలో మన జుట్టుంది. ఇవాళ లేదు. అద్దె ఇంట్లో వంట చేసుకోవచ్చమ్మాయ్, బీరువా మాత్రం మనింట్లో ఉండాలి. ఏ రోజు ఫొటో పూర్తయితే ఆ రోజే దాన్ని బయటికి తీయి, నేను తెరిచి చూస్తాను. పచ్చిదీ పండిందీ రెండూ డిస్కెక్కాలి. వాడి క్లౌడ్‌లో కూడా ఒకటి పడి ఉండనీ, కాదనను. ఆ తర్వాత ధర పెంచితే నచ్చినన్నాళ్లు ఉంటాం, లేకపోతే నమస్కారం చెప్పి వచ్చేస్తాం.”

కోడలు నవ్వుతూ ఒప్పందం పేజీ తెరిచింది. పిన్ని కుర్చీ దగ్గరికి లాక్కుని కళ్లజోడు పెట్టుకుంది.

“సరే అన్నది నొక్కేయనా?”

“పైనుంచి చదువు. అంతా పైకే చదువు, నాకేం తొందర లేదు.”

కోడలు చదవసాగింది. సగం దూరం వచ్చాక పిన్ని వేలు ఎత్తింది.

“ఏడాది నిండకుండా మానేస్తే ఏమంటాడో, ఆ లైను మళ్లీ చదువు.”