పేర్లు మార్చిన ఫోటోలు

నేను చేసిన పనుల్లో, తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను తిట్టుకునేది ఒకటుంది. అది తప్పని ఆ రోజు ఎవరూ అనలేదు. పైగా మెచ్చుకున్నారు.

మావాళ్లు విజయనగరం వైపు నుంచి వచ్చి మౌలాలిలో ఉండిపోయారు. నాతో కంప్యూటర్ కోర్సు చేసినవాళ్లంతా మాదాపూర్‌లో అద్దాల మేడలెక్కేస్తుంటే, నాకు దొరికింది సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఓ లాడ్జి పైన రెండు గదుల ఆఫీసు. వెబ్‌సైట్లు చేసిపెట్టే కంపెనీ. ఐటీ, ఐటీ అని ఊరంతా ఊగిపోతుంటే మా గదిలో ఫ్యాను కూడా సరిగ్గా తిరిగేది కాదు. ఆ ఉక్రోషమంతా పనిమీద చూపించేదాన్ని.

నా పని ఫోటోలు. సైటులో పెట్టే ప్రతి ఫోటోనూ కుదించి తేలిక చెయ్యాలి. లేకపోతే ఆనాటి నెట్‌లో పేజీ తెరుచుకునేలోగా చూసేవాడు విసుగెత్తి పోతాడు. ఫైలు పేరు మార్చాలి. ఫోటో వెనక, పైకి కనబడకుండా, ఒక వివరణ రాయాలి. సెర్చ్ ఇంజన్ బొమ్మను చూడలేదు, దానికి తెలిసింది అక్షరాలే. అందుకని జనం ఏ మాటలు కొట్టి వెతుకుతారో ఆ మాటలే అన్నిచోట్లా కుక్కేవాళ్లం. ఫోటోలో ఎవరున్నారో ఎవడిక్కావాలి!

ఓ రోజు ఒక పెద్దాయన సైటు చేయించుకోవడానికి వచ్చాడు. లాలాగూడలో ఫోటో స్టూడియో ఆయనది. పాత నెగెటివ్‌లకు బూజు పడుతోందని అన్నీ స్కాన్ చేయించి, వాటిని పారేసి, ఒక్క హార్డ్ డిస్కులో పెట్టుకున్నాడు. ప్రతి ఫైలుకూ తనే పేరు పెట్టాడు. మనిషి పేరు, ఇంటిపేరు, రైల్వే క్వార్టర్ నంబరు. స్టూడియోలో మేకుకు ఒక నల్లకోటు ఉండేదట. రైల్వే వర్క్‌షాపు వాళ్లు ఉద్యోగానికైనా, పెళ్లిచూపులకైనా అది తొడుక్కునే ఫోటో దిగేవాళ్లు. వందల మొహాలు, ఒకటే కోటు. నాకు నవ్వొచ్చింది.

"జెర పైలం బిడ్డా, గివి తప్ప నా దగ్గర ఏం లేవు" అని డిస్కు చేతిలో పెట్టాడు.

"మీరేం బెంగపడకండి అంకుల్" అన్నాను.

ముందు కాపీ తీసుకోవాలి. తీసుకోలేదు. మా కంప్యూటర్లో చోటు లేదు, అడిగితే బాసు చిరాకుపడతాడు. ఆయన డిస్కు మీదే, మొత్తం ఫోల్డరుకి ఒకేసారి, కుదించి పేరు మార్చే ప్రోగ్రాం నడిపాను. పాతవాటి మీదే రాసెయ్యమంటావా అని అది అడిగింది. అడిగింది సుమండీ! ఎస్ కొట్టి టీకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఫోటోలన్నీ అగ్గిపెట్టెంత అయ్యాయి. అన్నిటి పేరూ 'సికింద్రాబాద్ చవక పాస్‌పోర్ట్ ఫోటో', పక్కన ఒక్కో అంకె. పెద్దవి ఇక ఎక్కడా లేవని అప్పుడు తట్టింది. ఈ పాత ఫోటోలు ఇప్పుడెవరడుగుతారులే అని సర్దిచెప్పుకుని, ఆ సంగతి చెప్పకుండా డిస్కు తిరిగిచ్చేశాను.

కొన్ని వారాలకు ఆ సైటు సెర్చ్‌లో మొదటి పేజీకి ఎక్కింది. బాసు భుజం తట్టాడు. పెద్దాయన బాదుషాలు తెచ్చాడు. తిన్నాను కూడా, సిగ్గులేకుండా.

ఆ వానాకాలం ఒక మధ్యాహ్నం ఆయన మళ్లీ వచ్చాడు, వెంట ఒక నడివయసు ఆవిడ. ఆవిడ తమ్ముడు వర్క్‌షాపులో ఫిట్టరు. గుండెపోటుతో పోయాడు. ఎల్లుండి పెద్దకర్మ, దండ వెయ్యడానికి ఇంట్లో ఫోటో లేదు.

"నౌకరి కార్డు మీదున్న ఫోటోకు ముఖం మీదనే ముద్ర గొట్టిన్రు. మంచిది ఒక్కటే ఉండె, సంబంధమోళ్లకు పంపితే వాపస్ ఇయ్యలే" అందామె.

"డిస్కుల పేరు కొడితే దొరుకుతలేదు. నువ్వే జెర తీసియ్యి బిడ్డా" అన్నాడు పెద్దాయన.

"నెట్ల పేరు కొడితే అన్నీ దొరుకుతయంట గదా" అని ఆమె తమ్ముడి పేరు చెప్పింది. కొట్టాను. ఏమీ రాలేదు. ఎలా వస్తుంది? ఆ పేరు చెరిపింది నేనే. చవక పాస్‌పోర్ట్ ఫోటో అని కొడితే మాత్రం నల్లకోట్లు బిలబిలా వచ్చేశాయి. ఒక్కో మొహం చూపిస్తూ పోయాను. చాలాసేపటికి ఆమె తెర మీద వేలు పెట్టింది.

"గీడ ఉన్నడు."

కొంగుతో కళ్లు తుడుచుకుని, "పెద్దగ చెయ్యి బిడ్డా, గోడకు పెట్టాలె" అంది.

ఆయన తెచ్చిన డిస్కులోనూ ఉన్నది అంతే. అదే తీసి పెద్దది చేశాను. ముక్కు గళ్లుగళ్లుగా విడిపోయింది, కళ్లు ఆ గళ్లలో కలిసిపోయాయి. ఇంకో ప్రోగ్రాంలో ప్రయత్నించాను, అదే గతి. పెద్దాయనకు అప్పుడర్థమైంది. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. కుర్చీలో కూలబడ్డాడు.

"అన్నీ గిట్లనేనా?"

"అన్నీ, అంకుల్." ఆయన మొహం చూడలేక కీబోర్డు చూస్తూ కూర్చున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"వద్దు బిడ్డా, మల్ల చిన్నగ చెయ్యి" అందామె. చేశాను. తెరకు దగ్గరగా వంగి చూసింది. "ఇగో, గిట్లుంటెనే మా తమ్ముని లెక్క ఉన్నడు. గింతనే ఇయ్యి."

ప్రింటు తీసిచ్చాను. దాన్ని కొంగున ముడేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

పెద్దాయన మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"అందరికీ ఏదో ఒకనాడు ఫోటో కావాలె గదా" అన్నాడు. "రేపు ఇంకొకళ్లొస్తే నేనేం జెప్పాలె?"