మీసం లేని గుండు

మొన్న మొయినాబాద్ బస్టాపులో నా పక్కన ఒక పాతికేళ్ల అబ్బాయి నిలబడ్డాడు. నున్నటి గుండు, మూతి మీద మీసం కూడా లేదు. మన కాలంవాళ్లకు చెప్పనక్కర్లేదు, గుండు కింద మీసం ఉంటే మొక్కు తీర్చుకుని వచ్చినట్టు, మీసం కూడా పోతే కన్నవాళ్లలో ఒకరు పోయినట్టు. నా మనసు కలుక్కుమంది. "ఎవరు పోయిండ్రు బిడ్డా?" అని మెల్లగా అడిగాను. అతడు చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసి, "పోవుడేంది అంకుల్, ఎండలు కొడుతున్నయని ట్రిమ్మర్ ఏసుకున్న" అని మళ్లీ చెవి మూసుకున్నాడు. బస్సు వచ్చేదాకా నేను నా నెత్తి తడుముకుంటూ నిలబడ్డాను. అక్కడ తడుముకోవడానికి ఏమీ లేదనుకోండి, అయినా చెయ్యి పాత అడ్రసుకే పోతుంది.

ఒకప్పుడు ఉండేది. మొయినాబాద్ పక్కన మా ఊరు ఎంకపల్లిలో పదో తరగతి చదివేటప్పుడు నా క్రాపు ఎంత ఒత్తుగా ఉండేదంటే, అందులో దువ్వెన ఒకసారి పోతే మళ్లీ ఎండాకాలం సెలవులకు గాని దొరికేది కాదు. పిచ్చుక గూడు పెట్టిందని కూడా చెప్పేవాణ్ణి, నమ్మినవాళ్లు నమ్మారు. అమ్మ నా చిన్నప్పుడే పోవడంతో ఇంట్లో బాపూ నేనే. ఆయన పొద్దున్నే పొలానికి పోయేముందు అరచేతిలో కొబ్బరినూనె పోసుకుని నా నెత్తిని దబదబా మర్దించి వెళ్లేవాడు. రోజు మొత్తానికి మా ఇద్దరి మధ్య అదే పెద్ద సంభాషణ.

మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్న కాలంలో నాకు అక్కడొక కంపెనీలో రాత్రి డ్యూటీ దొరికింది. ఎక్కడో అమెరికాలో కంప్యూటర్ మొరాయిస్తే దాని యజమానిని ఫోన్లో ఓదార్చడం నా పని. మెహదీపట్నంలో గది తీసుకున్నాను, కాని నాతోపాటు ఉండేవాళ్లవి పగటి ఉద్యోగాలు కావడంతో నేను వచ్చేసరికి వాళ్లు వెళ్లిపోయేవారు, నెలల తరబడి వాళ్లను చెప్పులను బట్టే గుర్తుపట్టేవాణ్ణి. జుట్టు రాలడం ఆ గదిలోనే మొదలైంది. మొయినాబాద్ చుట్టూ భూముల ధరలు ముందుకు పోయినకొద్దీ నా జుట్టు వెనక్కి పోయింది. చిన్న మంగళారంలో ఫామ్‌హౌసుల కోసం తోటలు కొట్టి చదును చేసిన ప్లాట్లు ఎట్లా ఉండేవో నా నడినెత్తి అట్లా తయారైంది.

చేవెళ్ల మార్కెట్లో కూరగాయలమ్మే మా మేనత్తకు, నెత్తి ఖాళీ అయ్యేలోగా నా పెళ్లి చేయాలని ఒకటే ఫికర్. ఉల్లిగడ్డ రసం పట్టించమంది. పట్టించాను. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉండేది, ఆఫీసులో మా మేనేజరు క్యాంటీన్లో ఉల్లిదోశ వేస్తున్నారనుకుని రెండుసార్లు కిందికి దిగివెళ్లాడు. చూడబోయిన ఒక సంబంధంలో అమ్మాయి తండ్రి మాట్లాడినంతసేపూ నా కళ్లకు జానెడు పైన చూస్తూ మాట్లాడాడు. జుట్టు ఏమైందని ఎవరైనా అడిగితే మాత్రం నాకు పండగే. మేకపిల్ల మేసిందని ఒకరికి, కంప్యూటర్ వేడికి మాడిపోయిందని ఒకరికి చెప్పేవాణ్ణి. కథ అయిపోయేదాకా మనిషి ఎదురుగా ఉంటాడు కదా, నాకు కావలసింది అంతే.

చివరికి మిగిలిన నాలుగు వెంట్రుకలకు కాపలా కాయలేక, ఒక పొద్దున డ్యూటీ దిగగానే గది కిందున్న సెలూన్లో గుండు చేయమని కూర్చున్నాను. మధ్యలో కునుకు పట్టింది. మీసం కూడా తీయాలా అని అతడు అడిగినట్టున్నాడు, నేను తల ఊపినట్టున్నాను. అదే అవతారంతో మా ఊరికి పోదామని బస్సెక్కి, మళ్లీ నిద్రపోయి, మొయినాబాద్ దాటిపోయి చేవెళ్లలో కళ్లు తెరిచాను. రోడ్డుకు అవతల టమాటల గంపల వెనక మేనత్త కనిపించింది. చెయ్యి ఊపాను, ఇంతలో వెనక్కిపోయే బస్సు కదులుతుంటే పరుగెత్తి ఎక్కేశాను.

ఆమెకు కనిపించింది వేరు. మేనల్లుడు మీసం లేని గుండుతో బస్సు దిగాడు, ఎదురుగా వచ్చి చెప్పలేక చెయ్యి ఊపి పారిపోయాడు. మా ఇంట్లో అప్పటికి ఫోను లేదు. నేను ఇల్లు చేరి, నా గుండు చూసి బాపు నవ్వడం పూర్తికాకముందే, మార్కెట్ ఆడవాళ్లతో నిండిన ఆటో వాకిట్లో ఆగింది. మేనత్త దిగుతూనే మట్టిలో కూలబడి గుండెలు బాదుకుంది.

"నాకొక్క మాట చెప్పకుంటనే పోతివా అన్నా!"

జొన్నరొట్టె తుంచుకుంటున్న బాపు చెయ్యి ఆగిపోయింది. "ఎవరు పోయిండ్రే?"

"నువ్వే అన్నా!" అని ఏడుస్తూ, అప్పుడు తలెత్తి చూసింది.

ఆ తర్వాత చీపురు పట్టుకుని నన్ను ఇంటి చుట్టూ తరిమింది. "మీసం ఎందుకు తీసినవ్‌రా గాడిది కొడుకా!" అంటుంటే, ఆ గాడిద తానేనని బాపు గుర్తుచేశాడు. ఆయన కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. "పోయినంక ఎవలేడుస్తరో సూసే రాత ఎవరికుంటది? నాకు ఇయ్యాల దక్కింది. జర చాయ్ పెట్టురా," అన్నాడు.

పెళ్లి కుదరలేదు. నెత్తి పూర్తిగా నున్నబడింది, మీసం నెరుస్తోందని దాన్ని కూడా తీసేయడం అలవాటు చేసుకున్నాను. మేనత్త పోయింది. కొన్నేళ్లకు బాపు నిజంగానే పోయాడు. మంగలాయన నన్ను కూర్చోబెట్టి, ఏం తియ్యాలో తెలియక కాసేపు చూసి, నీళ్లు చల్లి ఆచారానికి కత్తి ఆనించాడు. చప్పుడు కూడా రాలేదు. బాపు పోసిన నూనెంతా ఏమైపోయిందో!

దినాలయ్యాక మళ్లీ ఉద్యోగానికి వెళ్లాను, ఇప్పుడు నాది పగటి డ్యూటీయే. సెలవు కంప్యూటర్లోనే అడిగాను, కంప్యూటరే ఇచ్చింది. రోజూ చూసే కండక్టరు టికెట్ కొట్టాడు, పక్క సీటాయన రావలసిన మెయిల్ సంగతి అడిగాడు. నా ముఖంలో మారిందేమీ లేదు మరి, వాళ్లను అనడానికి లేదు. పొరపాటుగానైనా సరే, రోడ్డుకు అవతలి నుంచి ఒక గుండును చూసి గంపలు వదిలేసి వచ్చే మనుషులు ఆ దారిలో ఇప్పుడు ఉన్నారో లేరో నాకు తెలియదు, కార్ల అద్దాలన్నీ ఎత్తే ఉంటున్నాయి. ఇన్నేళ్లలో మొదటిసారి, ఏ కథా కట్టకుండా చెప్పాల్సిన మాట ఒకటి సాయంత్రం దాకా నోట్లోనే పెట్టుకుని కూర్చున్నాను. తిరిగొచ్చేటప్పుడు క్యాబ్ డ్రైవరొక్కడే అద్దంలోంచి నా ముఖంలోకి చూసి అడిగాడు, ఓటీపీ ఎంతని.

చెప్పాను.