మాటకారి మంజరి, డ్రాగన్ గుహ

భవానీపురంలో ఒకే ఒక్క మధ్యాహ్నం మా అన్నయ్య పరువునీ, కూలరు పక్కన కంప్యూటర్నీ, నా తెలివి మీద నాకున్న గొప్ప అభిప్రాయాన్నీ కలిపి ఎలా బూడిద చేశానో చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోండి. ఆరోజు నాకు మాత్రం అరచేతుల చెమటకి మౌసు సబ్బుబిళ్లలా జారిపోయింది.

ఇంటర్ పరీక్షలు రాసేసి ఖాళీగా ఉన్న వేసవి. మా పెద్దమ్మ కొడుకు రమేష్ అన్నయ్య ఇంజినీరింగ్ చదువుతున్నాడని ఇంట్లో అనుకునేవారు గానీ, మనిషి ఎప్పుడూ సత్యంగారి నెట్ సెంటర్లోనే ఉండేవాడు. అక్కడి కంప్యూటర్లన్నీ కలిపి ఆడే ఆట ఒకటుండేది. రాజ్యాలు, దొంగలు, చివర్న గుహలో నిప్పులు కక్కే డ్రాగన్. మన పాత్రని మనమే తయారుచేసుకోవాలి. ఇచ్చిన పాయింట్లని బలానికీ, వేగానికీ, మాటకారితనానికీ పంచుకోవాలి. పేరూ, పుట్టుపూర్వోత్తరాలూ మన ఇష్టం.

గుణదల నుంచి వచ్చే జోసెఫ్ అనే కుర్రాడు మా అన్నయ్యతో పందెం వేశాడు. ఇద్దరూ కొత్త పాత్రలతో మొదలుపెట్టాలి. చస్తే మళ్లీ బతకడం లేదు. ముందుగా గుహ దాటినవాళ్లకి వేసవంతా కూలరు పక్కన కంప్యూటర్. బెజవాడలో మే నెల గడిపినవాళ్లకి దాని విలువ నేను వేరే చెప్పక్కర్లేదు.

తీరా చూస్తే పందానికి ముందురోజే అన్నయ్య క్రికెట్ ఆడి కుడిచెయ్యి బెణికించుకున్నాడు.

"నేనాడతాను" అన్నాను.

"మీ చెల్లా?" అని జోసెఫ్ నవ్వాడు. ఆ నవ్వే నా కొంప ముంచింది.

అన్నయ్య యోధుణ్ణి చెయ్యమన్నాడు. నేను మంజరి అనే పిల్లని చేశాను. చిన్నప్పుడే పడవ బోల్తాపడి దాని అమ్మానాన్నలు పోయారు. ఊరూరా తిరుగుతూ, జనం పెట్టింది తిని పెరిగింది. అందుకని ఎవరేమిచ్చినా పారెయ్యనని ఒట్టు పెట్టుకుంది. ఈ కథ అల్లుతూ నేనే రెండుసార్లు ముక్కు చీదుకున్నాను. పాయింట్లన్నీ మాటకారితనానికి పోశాను.

"బలం ఒకటేంటే? ఇది చీపురు కూడా ఎత్తలేదు!"

"ఎందుకెత్తాలి అన్నయ్యా? మాటలతో ఎత్తిస్తుంది."

నిజంగానే ఎత్తించింది. దారికాచిన దొంగలు మంజరి నాలుగు ముక్కలు మాట్లాడగానే కళ్లు తుడుచుకుని కత్తి బహుమతిచ్చారు. ముసలమ్మ ఊరగాయ జాడీ ఇచ్చింది. కమ్మరి ఏకంగా దాగలి ఇచ్చాడు, ఇనుము పెట్టి సాగగొట్టే ఆ దిమ్మ! రాణిగారు వెండి పళ్లెం ఇచ్చారు. పక్క కంప్యూటర్లో ఎలుగుబంటంత జోసెఫ్ యోధుడు ప్రతివాడితోనూ కొట్టుకుంటూ, కుంటుకుంటూ ఎక్కడో వెనకాల వస్తున్నాడు. అన్నయ్య కాలరు సర్దుకున్నాడు.

గుహ ముందు గొర్రెలకాపరి ఒకడు మంజరి మాటలకి కరిగిపోయి గొంగడి ఇచ్చాడు. తీసుకున్నాను. తెరమీద ఎర్రక్షరాలు వచ్చాయి. మోయగలిగిన బరువు దాటింది, కదలలేవు అని.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. యూపీఎస్ కీచు కీచుమంటూ అరవడం మొదలెట్టింది.

"త్వరగా కానివ్వండమ్మా, ఆ బ్యాటరీ ఎంతోసేపు ఆగదు!" అని సత్యంగారు కౌంటర్లోంచి కేకేశారు.

"పారెయ్! ముందా దాగలి పారెయ్!" అన్నాడు అన్నయ్య.

"ఒట్టుందిగా అన్నయ్యా!"

"ఒట్టు నువ్వే రాశావు కదే!"

దాగలి పారేశాను. కదల్లేదు. గొంగడి పారేశాను. ఊహూ.

"జాడీ!"

"పాపం, ముసలమ్మ ఇచ్చింది..."

"పద్దూ, ఆ ముసలమ్మ లేదే! అది బొమ్మే!"

జాడీ పోయింది, పళ్లెం పోయింది. జోసెఫ్ యోధుడు కొండ మలుపు తిరిగి కనిపించాడు. ఏది నొక్కుతున్నానో చూడకుండా కత్తితో సహా అన్నీ గుమ్మంలో కుమ్మరించి లోపలికి దూకాను. వెనకాల రాతి తలుపు మూసుకుంది.

ఎదురుగా డ్రాగన్. మా అపార్ట్‌మెంటంత ఉంది. నోరు తెరిచింది.

"పరిగెత్తు!"

"వేగం కూడా ఒకటే అన్నయ్యా!"

అన్నయ్య కట్టున్న చేత్తోనే నెత్తి పట్టుకుని "అమ్మా" అన్నాడు. కానీ నిప్పు రాలేదు. మాటలొచ్చాయి! డ్రాగన్ మాట్లాడుతోంది! నేను కుర్చీలోంచి లేచి గంతేశాను. మంజరి పొగిడింది, బుజ్జగించింది, దాని పొలుసుల్ని మెచ్చుకుంది. డ్రాగన్ మెత్తబడింది.

"నీ మాట నాకు నచ్చింది. దారి ఇస్తాను. మరి నాకు బహుమతి ఏం తెచ్చావు?"

కింద మంజరి సంచి తెరుచుకుంది. నున్నగా, ఖాళీగా, ఇప్పుడే తోమిన గిన్నెలా ఉంది. నొక్కడానికి ఒకే ఒక్క జవాబుంది: 'ఏమీ తేలేదు.'

నొక్కాను. తెరంతా మంట.

పక్కనుంచి జోసెఫ్ గొంతు వినిపించింది. "ఇదేంట్రా, గుమ్మంలో ఇంత సామానుంది?" వాడి యోధుడు అన్నీ ఒంటిచేత్తో భుజాన వేసుకుని, రాతి తలుపు తోసుకుని లోపలికి నడిచాడు. డ్రాగన్‌కి మా వెండి పళ్లెం ఇచ్చాడు. అది పక్కకి జరిగి దారిచ్చింది.

"థాంక్స్ సిస్టర్" అన్నాడు జోసెఫ్, చాలా మర్యాదగా.

ఆ సాయంత్రం వాడే ఇప్పించిన చెరుకురసం ఒక గుటకేసి, గ్లాసు కుడిచేత్తో పైకెత్తి, నెట్ సెంటర్ మెట్ల మీద భీష్మించి నిలబడి ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో నేను సృష్టించే ఏ ప్రాణికీ అనాథ బాల్యం ఉండదు, ఒట్లుండవు. పుట్టగానే బియ్యం బస్తా ఎత్తగలిగితేనే దానికి పేరు పెడతాను.