రాతికి నల్లద్దాలు

నా మొదటి సినిమాలో నేను చచ్చిపోతాను. ఆ సంగతి మా అమ్మకు చెప్పలేదు. హీరో తమ్ముడి వేషమని మాత్రం చెప్పాను, అది అబద్ధం కాదు కదా. నంద్యాలలో మాది స్టీలు సామాన్ల అంగడి. సొట్ట పడిన బిందెను సొట్ట గోడవైపు తిప్పి పెట్టే ఇంట్లో పెరిగాను. ఏది చూపాలో, ఏది చూపకూడదో నాకొకరు నేర్పనక్కర్లేదు.

కథలో తమ్ముణ్ణి చంపేస్తారు. ఊరి కూడలిలో అతని విగ్రహం పెడతారు. హీరో దానికి దండ వేసి శపథం చేస్తాడు. చిన్న సినిమా, షూటింగు నంద్యాల చుట్టుపక్కలే. హైదరాబాదులో విగ్రహం చేయించి లారీలో తెప్పించడం మనవల్ల కాదు, ఆ సీనే ఎత్తేద్దాం అన్నాడు దర్శకుడు. నాకున్నవే మూడు సీన్లు. చచ్చాక దొరికే నాలుగోది వదులుకుంటానా?

"ఆళ్లగడ్డ ఇక్కడే కదా సార్. రాతిపనివాళ్ళ ఊరు. నేను మాట్లాడతాను" అన్నాను.

అక్కడొక ముసలి శిల్పి దగ్గర, ఛాతీ దాకా చెక్కి వదిలేసిన విగ్రహం ఒకటి దొరికింది. చేయించుకున్నవాళ్ళు మళ్ళీ రాలేదట. మొహం ఇంకా ఎవరిదీ కాలేదు. దాన్ని నా మొహంగా మార్చమని పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి సగం ధరకు దించాను.

"నీ మొగానికి నువ్వే బేరమాడుతాండావే! ఇట్లాంటోన్ని యాడా సూడలేదప్పా" అన్నాడు పెద్దాయన. పొగడ్తేమో అనుకుని సంతోషపడ్డాను.

నాలుగు రోజులు ఆయన ముందు స్టూలు మీద కూర్చున్నాను. మూడో రోజు రాతిలోంచి ముక్కు బయటికొచ్చింది. అచ్చం మా నాయన ముక్కు, అంటే నాది. ఆ సాయంత్రం బస్సులో నంద్యాలకు వస్తూ నా ముక్కును రెండుసార్లు తడిమి చూసుకున్నాను. చల్లగా ఉంది.

నాలుగో రోజుకు అంతా అయింది, కళ్ళు తప్ప. అక్కడ రాయిని ముద్దగా వదిలేశాడు. మర్నాడే షూటింగు.

"కండ్లు ఆఖర్న తెరుస్తాం. దేవుళ్ళకైనా, మనుసులకైనా" అన్నాడు. "అయితే ఒగ మాట సెప్పాల. నేను మనుసులకు తెరిసినవన్నీ సచ్చిపోయినోళ్ళవే. బతికుండేవానికి ఒగసారి తెరిసినా."

"ఆయన ఎట్లుండాడన్నా?"

పెద్దాయన ఉలి మీద దుమ్ము ఊదాడు. "టీ తాగుతావా?" అన్నాడు.

వద్దంటే, మాట తప్పినందుకు వేషమే పోతుంది. ఊళ్ళో సగం అంగళ్ళకు సినిమా సంగతి చెప్పేసి ఉన్నాను. సరేనంటే ఏం పోతుందో ఆలోచించే ధైర్యం లేదు. భయంలోనూ నాకు వచ్చింది బేరమే.

"ఒక కన్ను తెరిస్తే సరిపోదా అన్నా? పక్కనుంచి తీయమంటా."

"ఒంటికన్నోనికి దండేస్తాడా మీ హీరో? ఊరికే బెదురుతాండావ్. తొందరగా కానీ, పొద్దు పోతాంది" అంటూ చిన్న ఉలి తీసి రాతి ఎడమ కంటి మీద పెట్టాడు. నా ఎడమ కంట్లో నీళ్ళొచ్చాయి. లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

అప్పుడు కనిపించాడు, గోడవారగా నిలబెట్టిన ఎవరో నాయకుడు. కళ్ళకు రాతి అద్దాలు.

"అన్నా, నాకూ అద్దాలు పెట్టు. నల్లద్దాలు. లోపల కన్ను చెక్కే పనుండదు."

పెద్దాయన నన్ను చూశాడు, రాతిని చూశాడు. "రాయి సాలుతాది లే" అన్నాడు. ఆయనకూ బరువు దిగినట్టే ఉంది.

మర్నాడు దర్శకుడు మండిపడ్డాడు. మా వైపు కుర్రాళ్ళు ఎండకు అద్దాలు తీయరని, అదో స్టైలని, పాడైన సరుకు అంటగట్టినట్టు అంటగట్టాను. ఆయన విగ్రహం చుట్టూ ఒకసారి తిరిగి, "అయితే నీకూ ఉండాలి. అన్ని సీన్లలోనూ. చావులో కూడా తీయకూడదు" అన్నాడు. వెంటనే ఒప్పుకున్నాను. మా ఇంట్లో అడిగిన వెంటనే ఎవరైనా ఒప్పుకుంటే జ్వరమేమోనని నుదురు పట్టి చూస్తారు.

చావు సీను నంద్యాల బయట శనగచేలో తీశారు. నేలమీద పడ్డాక మళ్ళీ లేవనేమోనని నిజంగానే అనుకున్నాను. అద్దాల వెనక నా కళ్ళు చేసిన నటన అంతకుముందెన్నడూ చేయలేదు, ఆ తర్వాతా చేయలేకపోయాయి. కట్ అన్నాక కెమెరా ఆయన్ను ఎలా వచ్చిందని అడిగాను.

"అద్దాల్లో మా లైటు గొడుగు కనబడింది. పర్లేదు" అన్నాడు.

సినిమా వచ్చింది. నంద్యాల థియేటర్లో మా అమ్మ పక్కన కూర్చున్నాను. తెరమీద నేను పడిపోగానే ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. కూడలిలో రాతి మెడలో దండ పడింది. ఆమె గోళ్ళు నా చేతిలోకి దిగాయి. ఇంటికెళ్ళాక చెప్పాల్సింది మనసులో కూర్చుకోసాగాను.

కాసేపటికి ఆమె పట్టు వదిలింది. నా చెవి దగ్గరికి వంగింది.

"అది నువ్వు గాదులే నాయనా. దానికి కండ్లు యాడుండాయి?" అంది. తర్వాత సర్దుకుని కూర్చుని, తెర వైపే చూస్తూ అడిగింది: "ఇంతకీ నువ్వు యాక్టు చేసింది ఎప్పుడొస్తాది?"

"ఇంకా ఉందిలేమ్మా" అన్నాను.

మిగిలిన సినిమా అంతా, అది ఎక్కడ అయిపోతుందోనని భయపడుతూ చూశాను.